ఇత్తడి గొంతులో బాగ్దాదు రాగం

“మకాం” అన్న మాట తెలుగువారికి కొత్తది కాదు. తహసిల్దారుగారు ఫలానా గ్రామంలో మకాం చేసినారని, నాటక సమాజం పొరుగూరికి మకాం మార్చినదని చెప్పుకోవడం తరతరాలుగా ఉన్న వాడుక. అరబ్బీలో పుట్టిన ఆ మాట పారసీ, ఉర్దూ భాషల మీదుగా నవాబుల పరిపాలనతోపాటు తెలుగు నేలకు వచ్చి ఇక్కడనే మకాం వేసినది. దాని మూలార్థం “నిలిచే చోటు”. అరబ్బు దేశాల సంగీత విద్వాంసులు ఇదే మాటను రాగానికి పేరుగా వాడుకుంటారు. స్వరం ఎక్కడ బయలుదేరి, ఎక్కడ నిలిచి, ఎక్కడ సేదదీరి, తిరిగి ఏ ఇంటికి చేరుకోవలెనో నిర్ణయించేదే వారి మకాం. ఇంత చక్కని పేరు రాగానికి మరే భాషలోనైనా ఉన్నదో లేదో!

ఈ మకాం సంగీతాన్ని వెదుక్కుంటూ అమెరికా నుండి బాగ్దాదు నగరానికి బయలుదేరిన ఒక యువకుని కథ తెలుసుకోదగినది. అతని పేరు అమీర్ ఎల్‌సఫ్ఫార్. అతని చేతి వాద్యం ట్రంపెట్టు. పుట్టినది 1977లో, షికాగో నగరం పొరుగున. తండ్రి ఇరాక్ దేశీయుడు, తల్లి అమెరికా దేశస్థురాలు. తండ్రి జన్మభూమి పేరు వినడమే గాని, ఆ దేశపు శాస్త్రీయ సంగీతం అతనికి బాల్యంలో అబ్బిన విద్య కాదు. పెరిగి, పేరు తెచ్చుకొని, అటు తరువాత శిష్యుడై మళ్ళీ అక్షరాభ్యాసం చేసినవాడాయన. పండితుడు పలక పట్టిన సంగతి గనుక ఉపాధ్యాయులకు, విద్యార్థులకు ఇందులో ఆలోచించవలసినది కొంత ఉన్నది.

షికాగో జాజ్ సంగీతానికి పుట్టిల్లు వంటి నగరాలలో ఒకటి. అయితే ఎల్‌సఫ్ఫార్ మొదట అభ్యసించినది జాజ్ ఒక్కటే కాదు. ఆ నగరంలోని డిపాల్ విశ్వవిద్యాలయంలో పాశ్చాత్య శాస్త్రీయ పద్ధతిలో ట్రంపెట్టు నేర్చుకున్నాడు. షికాగో సింఫనీవారి శిక్షణ బృందమైన సివిక్ ఆర్కెస్ట్రాలో వాయించి, డానియల్ బారెన్‌బోయిం వంటి మహానిర్దేశకుల శిక్షణను చవిచూసినాడు. వ్రాసిపెట్టిన స్వరాన్ని వ్రాసినంత నిర్దుష్టంగా పలికించడం అక్కడ అలవడినది. తరువాత న్యూయార్కు చేరి సెసిల్ టేలర్ వద్ద వాయించినాడు. 1929లో పుట్టి 2018లో కన్నుమూసిన ఈ పియానో విద్వాంసుడు జాజ్ సంగీతంలో స్వేచ్ఛామార్గానికి ఆద్యులలో ఒకడు. నిర్ణీతమైన తాళపు చట్రాన్ని, స్వరసంచారపు చట్రాన్ని విప్పివేసి, ఆ క్షణంలో ఒకరినొకరు వింటూ సంగీతాన్ని కల్పించుకొనే మార్గమది. ఈ విధంగా పాతికేళ్ళ ప్రాయానికే ఎల్‌సఫ్ఫార్‌కు రెండు శిక్షణలు పూర్తి అయినవి. ఒకటి వ్రాతకు కట్టుబడి ఉండడం, రెండవది వ్రాత లేకుండా నడవడం.

2001లో కార్మైన్ కరూసో అంతర్జాతీయ జాజ్ ట్రంపెట్టు పోటీలో ఆయన గెలిచినాడు. అటువంటి బహుమతి చేతికి వచ్చిన యువకుడు మంచి కచేరీలు ఒప్పుకొని, రికార్డులు ఇచ్చి, వృత్తిలో స్థిరపడడం లోకసహజం. ఆయన ఆ సొమ్మును ప్రయాణపు ఖర్చుకు వినియోగించినాడు. 2002లో బాగ్దాదు చేరుకున్నాడు. 1990 నుండి అమలులో ఉన్న అంతర్జాతీయ ఆంక్షలతో దేశం చితికి ఉన్న కాలమది. మరుసటి ఏడు, 2003 మార్చిలో, అమెరికా సేనలు ఇరాక్ మీద దండెత్తినవి. తల్లి దేశం తండ్రి దేశం మీద యుద్ధానికి సన్నద్ధమవుతున్న వేళ, ఈ యువకుడు ఆ తండ్రి దేశపు రాగాలను కంఠస్థం చేసుకుంటున్నాడు.

ఇంతకూ ఆయన నేర్చుకొనబోయిన విద్య ఎటువంటిది? అరబ్బు ప్రపంచమంతటా మకాం అంటే రాగమనే అర్థం. ఇరాక్‌లో మాత్రం ఆ మాటకు మరింత విశేషార్థం ఉన్నది. అక్కడ “మకాం” అంటే రాగం మాత్రమే కాదు; ఒక క్రమంలో సాగే సంపూర్ణమైన గానప్రబంధం. ముందు వాద్యకారులు ఉపోద్ఘాతం వాయిస్తారు. గాయకుడు “తహ్రీర్” అనే ఆలాపనతో ప్రవేశిస్తాడు. “అమాన్”, “యార్” వంటి పదాలను పట్టుకొని రాగానికి ప్రాణం పోస్తాడు. తరువాత పద్యం అందుకుంటాడు. అది గ్రాంథికమైన అరబ్బీ ఖసీదా కావచ్చును, జానపదుల నుడిలో ఏడు పాదాలుగా సాగే జుహైరీ కావచ్చును. ఒక్కొక్క పాదానికి ఏ స్వరఖండం ముందు రావలెనో, ఎక్కడ అన్యరాగపు ఛాయ తొంగిచూడవలెనో, “మయానా” అనే తారస్థాయి సంచారం ఏ తావులో పిడుగులా పడవలెనో, సంప్రదాయం నిర్దేశించి ఉంచినది. చివరకు “తస్లీం” అనే ముగింపుతో గాయకుడు ఇల్లు చేరుతాడు. అంతట “పెస్తా” అనే తేలిక పాట అందరి గొంతులలో మారుమ్రోగుతుంది.

ఇటువంటి మకాంలు బాగ్దాదు సంప్రదాయంలో ఏబదికి పైగా ఉన్నవి. వాటిని అయిదు “ఫస్ల్”లుగా కూర్చి పాడే ఆచారం ఉన్నది. గాయకునికి అక్కడి పేరు “ఖారి”, అనగా పఠించేవాడు. స్వరం ఎంత ఎత్తుకు ఎగిరినా పద్యం చెడకూడదన్న పట్టుదల ఆ పేరులోనే తెలుస్తున్నది. దారి నిర్ణీతం, నడక స్వతంత్రం. ఏ మలుపు తరువాత ఏ మలుపు వచ్చునో గాయకునికీ తెలుసు, ఎరిగిన శ్రోతకూ తెలుసు. ఆ మలుపు వద్ద ఎంతసేపు నిలిచేదీ, ఏ విధంగా తిరిగేదీ ఆనాటి గాయకుని మనోధర్మం. స్వరలిపి గ్రంథాలలో ఈ విద్య ఇమడదు. గురుముఖం నుండి శిష్యుని చెవికి, చెవి నుండి గొంతుకు చేరవలసినదే.

గాయకునికి తోడుండే వాద్యబృందాన్ని “చాల్గీ” అంటారు. ఇందులో ముఖ్యమైనవి రెండు. ఒకటి సంతూర్. పలక మీద బిగించిన తీగలను సన్నని పుల్లలతో తాడించి వాయిస్తారు. కాశ్మీరు సంతూరు దీనికి చుట్టమే. రెండవది “జోజ” అనే నాలుగు తీగల చిన్న కమాను వాద్యం. దాని బుర్ర కొబ్బరిచిప్పతో చేస్తారు. “జౌజ్” అంటే అరబ్బీలో గట్టి పెంకు గల కాయ. కొబ్బరికాయను వారు “భారతదేశపు కాయ” అని వ్యవహరిస్తారు. ఖర్జూరం పండే దేశపు గానానికి కొబ్బరిచెట్టు గొంతునిచ్చినదన్నమాట. వీటికి తోడుగా డుంబుక్, రిఖ్ మొదలైన తాళవాద్యాలు ఉంటాయి.

ఈ విద్య గడచిన శతాబ్దంలో పడిన పాట్లు అన్నీ ఇన్నీ కావు. 1932లో కైరో నగరంలో, ఈజిప్టు రాజు ఫువాద్ ఆశ్రయంలో, అరబ్బు సంగీత మహాసభ జరిగినది. హంగరీ నుండి బేలా బార్టోక్, జర్మనీ నుండి పాల్ హిండెమిత్ వంటి స్వరకర్తలు దానికి వచ్చినారు. అరబ్బు స్వరాలను ఏ కొలతతో కొలవవలెను, పియానో వంటి పాశ్చాత్య వాద్యాలను అరబ్బు సంగీతంలో చేర్చుకొనవచ్చునా కూడదా అన్న చర్చలు అక్కడ తీవ్రంగా సాగినవి. ఇరాక్ పక్షాన వచ్చిన గాయకుడు ముహమ్మద్ అల్ ఖుబ్బంచీ. ఆయన గానం అక్కడ రికార్డులకెక్కినది. ఆయన వెంట వచ్చిన వాద్యకారులలో ఎక్కువమంది బాగ్దాదు యూదులు. తరతరాలుగా మకాం గానానికి వాద్య సహకారం వారి ఇంటి విద్యగా ఉండేది.

1950, 1951 సంవత్సరాలలో సుమారు లక్షా ఇరవై వేలమంది యూదులు ఇరాక్‌ను విడిచి వెళ్ళవలసి వచ్చినది. వారితోపాటు సంతూర్, జోజ వాయించే చేతులు కూడ వెళ్ళిపోయినవి. గాయకులు మిగిలినారు, ప్రక్కన వాద్యం మూగపోయినది. అటువంటి సమయంలో హాషిం అల్ రజబ్ సంతూర్‌ను, షుఊబీ ఇబ్రాహీం జోజను చేపట్టి ఆ వెలితిని పూరించినారు. ఒక విద్య ఇద్దరి ముగ్గురి భుజాల మీద నిలిచి గండం గడవడమంటే ఏమిటో దీనివల్ల తెలుస్తుంది. అటు తరువాత యుద్ధాలు వచ్చినవి, ఆంక్షలు వచ్చినవి. పలువురు విద్వాంసులు లండను, ఆమ్‌స్టర్‌డాం వంటి నగరాలకు చెదరిపోయినారు. 2003లో యునెస్కో సంస్థ ఇరాకీ మకాంను మానవజాతి మౌఖిక వారసత్వంలోని మహత్తర సృష్టిగా ప్రకటించినది; 2008లో తన ప్రతినిధి పట్టికలో చేర్చినది. గౌరవం దక్కిన ఏటనే ఆ గానానికి నెలవైన నగరం బాంబుల పాలు కావడం విధివైపరీత్యం.

ఎల్‌సఫ్ఫార్ బాగ్దాదులో దొరికినంత నేర్చుకున్నాడు. ఇంకా నేర్చుకొనవలసినది బాగ్దాదులో లేదని, దేశం విడిచిన గురువుల వెంట వెళ్ళినదని గ్రహించినాడు. ఆ అన్వేషణ ఆయనను లండనులో ఉన్న హామిద్ అల్ సాదీ సన్నిధికి చేర్చినది. 1958లో జన్మించిన అల్ సాదీ, యూసుఫ్ ఒమర్, ఖుబ్బంచీల సంప్రదాయాన్ని సాక్షాత్తుగా అందుకున్నవాడు. బాగ్దాదు మకాంల నన్నింటిని ధారణలో నిలుపుకున్న బహు కొద్దిమందిలో ఒకడు. ఇక్కడ గమనింపదగినది ఏమంటే, ఎల్‌సఫ్ఫార్ ఆయన వద్దకు ట్రంపెట్టు విద్వాంసుడుగా వెళ్ళలేదు. గొంతు విప్పి పాడడం నేర్చుకున్నాడు. సంతూర్ ముందు కూర్చొని మొదటి పాఠం నుండి అభ్యసించినాడు. పోటీలలో గెలిచిన చేతులు పసివాని చేతులవలె తడబడినవంటే ఆశ్చర్యం లేదు. కొన్ని సంవత్సరాలపాటు ఆయన జీవితంలో మకాం ముందు నిలిచినది, జాజ్ వెనుకకు తగ్గినది.

ఈ అభ్యాసానికి తొలి ఫలం “సఫాఫీర్” అనే బృందం. అందులో ఆయన సంతూర్ వాయిస్తూ గానం చేసినాడు. సోదరి దీనా ఎల్‌సఫ్ఫార్ జోజను అందుకున్నది. ఆమె అంతకుముందే, 1993లో, “సలాం” అనే మధ్యప్రాచ్య సంగీత బృందాన్ని స్థాపించిన విదుషీమణి. సఫాఫీర్ అంటే కంచరివారు. బాగ్దాదు నగరంలో రాగి, ఇత్తడి పాత్రలు చేసేవారి బజారుకు అదే పేరు. ఎల్‌సఫ్ఫార్ అన్న ఇంటిపేరుకు కూడ అర్థం కంచరి అనే. కంచరి ఇంటిపేరు గలవాడు ఇత్తడి వాద్యాన్ని ఎన్నుకోవడం కాకతాళీయమే కావచ్చును. కాని ఆ ఇత్తడిని తన పూర్వుల రాగానికి తగినట్లు సాగగొట్టడానికి ఆయన పడిన శ్రమ మాత్రం నిజమైన కంచరి శ్రమయే.

ఆ శ్రమ ఏమిటో తెలియవలెనంటే వాద్యనిర్మాణం కొంత తెలియవలెను. ట్రంపెట్టు చుట్టలు చుట్టిన ఒక గొట్టం. మీట ఏదీ నొక్కకుండ ఊదితే, పెదవుల బిగువును బట్టి ఆ గొట్టపు పొడవుకు ప్రకృతి ప్రసాదించిన కొన్ని స్వరాలు మాత్రమే పలుకుతాయి. తక్కిన స్వరాలకోసం మూడు మీటలు అమర్చినారు. నడిమి మీట నొక్కితే గాలి పోయే దారి కొంత పెరిగి స్వరం అర మెట్టు దిగుతుంది. మొదటి మీటకు ఒక మెట్టు, మూడవ మీటకు ఒకటిన్నర మెట్టు దిగుతుంది. మూడింటిని వేర్వేరుగాను, జంటలుగాను, మూడూ కలిపియు నొక్కితే, మీట నొక్కని పొడవుతో చేర్చి ఏడు పొడవులు సిద్ధిస్తాయి. వీటితో స్థాయికి పన్నెండు స్వరాలు చక్కగా వస్తాయి. పాశ్చాత్య సంగీతానికి అంతకు మించి అక్కర లేదు.

మకాంకు అక్కర ఉన్నది. ఉదాహరణకు “రాస్త్” అనే మకాంలోని గాంధారం, కర్ణాటక సంగీతంలోని సాధారణ గాంధారానికి, అంతర గాంధారానికి నడుమ నిలుస్తుంది. “బయాత్”లోని రిషభం శుద్ధ రిషభానికి, చతుశ్శ్రుతి రిషభానికి నడుమ ఉంటుంది. హార్మనీ పెట్టెలో ఆ స్వరాలకు మెట్టు లేదు. రెండు మెట్ల మధ్య సందులో అవి దాగి ఉన్నవి. పైగా అవి కొయ్యబారిన స్వరాలు కావు. ఊరు మారితే, రాగం మారితే, ఆరోహణ అవరోహణమైతే, వెంట్రుకవాసి కదులుతూ ఉంటాయి. గమకం ఎరిగిన చెవికి ఈ సంగతి వేరుగా విప్పి చెప్పనక్కర లేదు.

ఈ చిక్కును కొందరు యంత్రంతో విప్పినారు. లెబనాన్ దేశీయుడైన నసీం మాలూఫ్ ట్రంపెట్టుకు నాలుగవ మీటను చేర్పించి పావు మెట్టు స్వరాలను సాధించినాడు. ఆయన కుమారుడు ఇబ్రహీం మాలూఫ్ ఆ వాద్యంతోనే లోకప్రసిద్ధుడైనాడు. ఎల్‌సఫ్ఫార్ మరొక దారి తొక్కినాడు. వాద్యాన్ని కాక వాదనాన్ని మార్చుకున్నాడు. శ్రుతి సరిచూసుకొనడానికి అమర్చిన జారుడు గొట్టాలను రాగం పలికించడానికి వినియోగించడం, పెదవి బిగువుతో స్వరాన్ని వంచడం, ఊపిరి తీరుతో దానిని మెత్తబరచడం సాధన చేసినాడు. సింఫనీ బృందంలో అపస్వరమని గద్దింపబడే ధ్వని, ఇక్కడ సుస్వరమైనది. ఏళ్ళ తరబడి ఏ తప్పు చేయకుండ ఉండడానికి శ్రమించినాడో, ఆ తప్పునే ఒప్పుగా, అదీ కచ్చితమైన ఒప్పుగా, చేయడానికి మళ్ళీ అంత శ్రమ పడవలసి వచ్చినది. నేర్చినదానిని మరవడం నేర్చుకొనడంకన్నా కష్టమని పెద్దలు ఊరకే అనలేదు.

2007లో వెలువడిన “టూ రివర్స్” అనే రికార్డుతో ఈ రెండు సాధనలు ఒక చోట కలిసినవి. రెండు నదులంటే టైగ్రిస్, యూఫ్రటీస్ నదులు. ఆ బృందం ఆరుగురిది. ట్రంపెట్టు, సాక్సఫోను, బాస్, డ్రమ్ములు జాజ్ పక్షం వహించగా, ఊద్, బుజుఖ్ మొదలైన తంత్రీవాద్యాలు అరబ్బు పక్షం వహించినవి. సాక్సఫోను వాయించిన రుద్రేశ్ మహంతప్ప దక్షిణ భారతీయ కుటుంబానికి చెందిన అమెరికా విద్వాంసుడు. సాక్సఫోను మీద కర్ణాటక సంగీతాన్ని పలికించిన కద్రి గోపాల్‌నాథ్‌తో కలిసి 2008లో ఒక రికార్డు వెలువరించినవాడాయన.

ఆ బృందంలో పియానో లేకపోవడం గమనింపదగినది. జాజ్‌లో కల్పనకు ఆధారం సాధారణంగా పియానో వంటి వాద్యాలపై ఏకకాలంలో మ్రోగే స్వరసముదాయాల వరుస. ఆ స్వరాలు పన్నెండింటికి లోబడినవి. వాటి ప్రక్కన రాస్త్ గాంధారం పలికితే ఒకటి రెండవదానిని అబద్ధమనిపిస్తుంది. మకాంకు అటువంటి స్వరసముదాయం అక్కర లేదు. ఒకే గానరేఖను అనేక వాద్యాలు ఎవరి తీరున వారు అలంకరించుకుంటూ నడవడమే దాని సౌందర్యం. ఎల్‌సఫ్ఫార్ జాజ్ నుండి క్షణక్షణ కల్పనను, లయలోని చురుకును, ఒకరికొకరు బదులిచ్చే స్వభావాన్ని తీసుకొని, స్వరనియతిని మాత్రం మకాం చేతిలో ఉంచినాడు. ఇది కలగలుపు కాదు, ఒప్పందం. ఏది ఎవరు వదలుకొనవలెనో ముందుగా ఆలోచించి చేసుకున్న ఒప్పందం. తరువాత పియానోను కూడ ఆయన వెలివేయలేదు. హాఫిజ్ మొదిర్జాదే 2012లో వెలువరించిన ఒక రికార్డులో, పియానో తీగల శ్రుతినే మార్చి విజయ్ అయ్యర్ వాయించగా, ఎల్‌సఫ్ఫార్ ట్రంపెట్టు పలికించినాడు. 1932 నాటి కైరో సభలో పియానోను గురించి జరిగిన వాదానికి ఎనుబదేళ్ళ తరువాత దొరికిన సమాధానాలలో ఇది ఒకటి.

2011లో ప్రాచీన మెసపొటేమియా దేవత పేరిట “ఇనాన” అనే రచన వెలువడినది. 2012లో ఈజిప్టులో నివసించి, విప్లవానంతరపు అలజడిని కన్నులారా చూచి, “క్రైసిస్” అనే రచన చేసినాడు. అది 2013లో న్యూపోర్టు జాజ్ ఉత్సవంలో తొలిసారి వినిపించినది. 2015లో రికార్డుగా వచ్చినది. 2013లోనే డోరిస్ డ్యూక్ కళాకారుల పురస్కారం ఆయనకు లభించినది. తరువాత పదిహేడుమంది విద్వాంసులతో “రివర్స్ ఆఫ్ సౌండ్” అనే బృందాన్ని కూర్చినాడు. సంతూర్, ఊద్, జోజలతోపాటు సాక్సఫోను, సెల్లో వంటివి, వాటి సరసన రాజ్ఞా స్వామినాథన్ మృదంగం కూడ అందులో ఉన్నవి. 2017లో వచ్చిన వారి రికార్డు పేరు “నాట్ టూ”. అనగా “రెండు కాదు”. అద్వైతమన్న మాటకు అర్థమూ అదే గదా అని తెలుగు పాఠకునికి తోచకమానదు. 2007లో “రెండు నదులు” అన్నవాడు పదేళ్ళకు “రెండు కాదు” అనగలిగినాడు.

ఇటువంటి ప్రయత్నాలకు ఆక్షేపణలు ఎప్పుడూ ఉంటాయి, ఉండవలెను కూడ. మౌఖికంగా వచ్చిన విద్య ప్రాణాపాయంలో ఉన్నప్పుడు దానిని ఉన్నది ఉన్నట్లు కాపాడవలెను గాని, దానితో ప్రయోగాలు చేయవచ్చునా అన్నది మొదటి ఆక్షేపణ. ఇది తేలికగా త్రోసివేయదగినది కాదు. ఒక రాగపు పై పూతను మాత్రం తీసుకొని, కచేరీకి వన్నె కోసం అద్దుకొనేవారు అన్ని దేశాలలోనూ ఉన్నారు. శ్రోతకు అదే అసలు రాగమన్న భ్రమ కలిగితే, అసలును అడిగేవాడు కరువవుతాడు.

అయితే సంప్రదాయం అనేది ఎన్నడూ కదలని రాయి కాదన్నది కూడ చరిత్రయే చెప్తున్నది. సంప్రదాయానికి ప్రమాణంగా చెప్పుకొనే ఖుబ్బంచీయే కైరోకు చాల్గీతోపాటు ఊద్, ఖానూన్ వాద్యాలను వెంటబెట్టుకొని వెళ్ళినాడు. లామీ అనే కొత్త మకాంను ప్రవేశపెట్టిన ఘనతను కూడ ఆయనకే ఇస్తారు. దక్షిణ దేశంలో వయొలిన్ కథ ఇటువంటిదే. పరదేశపు వాద్యం వచ్చి, కూర్చునే తీరు మార్చుకొని, శ్రుతి మార్చుకొని, గమకానికి తలవంచి, ద్వారం వెంకటస్వామినాయుడుగారి చేతిలో తెలుగువారి స్వంత సొత్తయినది. వాద్యం పరాయిదా మనదా అన్నది ప్రశ్న కాదు. రాగం వాద్యానికి లొంగినదా, వాద్యం రాగానికి లొంగినదా అన్నదే ప్రశ్న.

ఈ గీటురాయి మీద ఎల్‌సఫ్ఫార్ కృషి నిలుస్తుంది. ఆయన ప్రయోగాలు ఒక ప్రక్క సాగుతుండగానే, సఫాఫీర్ బృందంతో మకాంలను వాటి పూర్వరూపంలోనే పాడినాడు. ఏది పాతదో ఏది తాను చేసినదో శ్రోతకు వేర్వేరుగా చూపించినాడు. కొలంబియా విశ్వవిద్యాలయంలో మధ్యప్రాచ్య సంగీత బృందానికి శిక్షణ ఇచ్చి, తాను అందుకున్న విద్యను మరికొందరి చెవిన వేసినాడు. గురువైన అల్ సాదీని అమెరికా శ్రోతలకు పరిచయం చేసి, ఆయన ప్రక్కన సంతూర్ వాయించే శిష్యునిగా కూర్చున్నాడు. పదిహేడుమంది బృందానికి నాయకుడైనవాడు గురువు ప్రక్కన వాద్యసహకారానికి కూర్చోవడంలో ఆయన సాధన యావత్తు తెలుస్తున్నది.

స్వేచ్ఛ అంటే కట్టుబాటు లేకపోవడమని నవయువకులు అనుకోవడం సహజం. సెసిల్ టేలర్ వద్ద అంతటి స్వేచ్ఛను చవిచూచినవాడు, తారస్థాయి సంచారం ఇక్కడనే రావలెను, ముగింపు ఈ విధంగానే ఉండవలెను అని శాసించే విద్యను కోరి తలకెత్తుకున్నాడు. ఏబదికి పైగా దారులు గుర్తు పెట్టుకొన్న తరువాతనే, దారి లేని చోట అడుగు వేయగల ధైర్యం నిజమైనదవుతుందని ఆయన అనుభవం చెప్తున్నది. వ్యాకరణం చదవని వాని తప్పుకు, వ్యాకరణం మీరిన కవి ప్రయోగానికి ఉన్న అంతరం తరగతి గదిలో ప్రతి ఉపాధ్యాయుడు ఎరిగినదే.

బాగ్దాదులో ఒకనాడు కాఫీ అంగళ్ళలో మ్రోగిన గానం, కైరో రికార్డులలో నిలిచి, లండను గదిలో ఒక గురువు గొంతులో బ్రతికి, షికాగో పొరుగున పుట్టిన ఒక యువకుని ఊపిరిలో ఇత్తడి గొట్టం గుండా ఈనాడు వినిపిస్తున్నది. అది ఎన్ని ఊళ్ళు తిరిగినా, చివరి స్వరం ఏ చోట నిలవవలెనో మరచిపోలేదు. మకాం అన్న పేరుకు ఇంతకన్న సార్థకత మరేమి కావలెను!